మావి ఎంత ఉంది?

మా మనవరాలు పుట్టిన రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మ ఎత్తింది. ఆవిడకి అప్పటికి 84 ఏళ్ళు.

"ఆడపిల్లమ్మా. తల్లీ పిల్లా బాగున్నారు. కాకపోతే పాప చిన్నది. 2 కిలోల 250 గ్రాములే" అన్నాను.

పాప రంగు అడగలేదు. ఎవరి పోలిక అని అడగలేదు. "మావి ఎంత ఉంది?" అంది మా అమ్మ.

నేను ముప్ఫై ఏళ్ళు మారిషస్ బడుల్లో తెలుగు చెప్పాను. అయినా ఆ మాట నాకు వెంటనే తట్టలేదు. మన పాఠ్యపుస్తకాల్లో తల ఉంది, చెయ్యి ఉంది, కాలు ఉంది. మావి లేదు. "మావి తెలీదా? బిడ్డ వెనకాల వచ్చేది" అని ఆవిడే విప్పి చెప్పింది.

మావి అంటే ప్లసెంటా. దీన్నే కొందరు మాయ అంటారు. వైద్య పుస్తకాల్లో జరాయువు అని రాస్తారు. పాత పద్యాల్లో మావి అంటే మామిడిచెట్టు, వేదాంతంలో మాయ అంటే భ్రమ. కాబట్టి సందర్భం చూసి అర్థం చేసుకోవాలి. మావికీ బిడ్డ బొడ్డుకీ మధ్య ఉండేది బొడ్డుతాడు. మంత్రసాని కోసేది దాన్నే.

సాజ్‌ఫామ్‌ని అడిగాను. ఆవిడ కాగితం చూసి "360 గ్రాములు" అంది. నెలలు నిండాక మావి సుమారు అర కిలో తూగుతుంది. మా పాప 38 వారాలకు పుట్టింది, అంటే నెలలు నిండినట్టే. మరి మావి మాత్రం చిన్నది. ఆ సంగతి మళ్ళీ ఫోన్లో చెప్పాను. మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పిల్లదాన్ని ఎవరూ ఏమీ అనకండి" అంది.

పిల్లది అంటే పాప కాదు, మా అమ్మాయి.

ఆ మాట ఎందుకు అందో సాయంత్రానికి తెలిసింది. చూడ్డానికి బంధువులు వచ్చారు. మా వియ్యపురాలు, నేను వదినగారు అని పిలుస్తాను, చాలా మంచి మనిషి. ఆవిడ పాపని చేతుల్లోకి తీసుకుని, బరువు చూసి, మా అమ్మాయి వైపు తిరిగి, "ఏం తిన్నావమ్మా ఈ తొమ్మిది నెలలూ?" అంది. తిట్టలేదు. దిగులుగానే అంది. కానీ మా అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంటికి వచ్చాక కూడా రెండు వారాలు అదే మాట తలుచుకుని ఏడ్చింది. "సరిగ్గా తినలేదేమో అమ్మా. పాపని నేనే ఇలా చేశానేమో" అనేది.

అది తినకపోవడం ఏమిటి? అన్నం, పప్పు, చేప, బ్రెదులు, రోజూ పాలు. మూడో నెల దాకా వాంతులు ఉన్నాయి, నిజమే. తర్వాత బాగానే తింది. చివరి మూడు వారాల్లో రక్తపోటు పెరిగింది. ఆ రెంటికీ సంబంధం ఉందని, అంటే పెరిగిన రక్తపోటుకీ చిన్న మావికీ, అప్పుడు మాకెవరికీ తెలియదు. తర్వాత నేను చదివాను, డాక్టర్లని అడిగాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఇంకా ఎంతమంది బాలింతల్ని గోడ వైపు తిప్పుతోందో!

అది ఎవరిది?

మావి తల్లి శరీరంలో భాగం అని మనం అనుకుంటాం. నిజానికి అది చాలావరకు బిడ్డది. తల్లి అండం, తండ్రి బీజం కలిసిన తర్వాత అయిదారు రోజులకి అది ఒక చిన్న బుడగలా అవుతుంది. లోపలి కణాలు బిడ్డ అవుతాయి. బయటి కణాలు మావి అవుతాయి. అంటే బిడ్డ, మావి ఒకే అండం నుంచి వచ్చిన తోబుట్టువుల్లాంటివి. బిడ్డలో తండ్రి వాటా ఎంతో మావిలోనూ అంతే. వదినగారూ, అందులో సగం మీ అబ్బాయిదే.

ఈ బయటి కణాలు గర్భసంచి గోడలోకి చెట్టు వేళ్ళలా పాకుతాయి. ఒక్కో వేరు మళ్ళీ సన్నని కొమ్మలుగా చీలుతుంది. ఆ కొమ్మలు తల్లి రక్తంలో మునిగి ఉంటాయి. వాటి లోపల బిడ్డ రక్తం పారుతుంది. రెండు రక్తాలూ కలవవు. మధ్యలో చాలా పలచని గోడ ఉంటుంది. నెలలు నిండే సరికి ఆ కొమ్మలన్నిటినీ విప్పి నేల మీద పరిస్తే సుమారు 12 చదరపు మీటర్లు వస్తుంది. అంటే మన ఇళ్ళల్లో ఒక పడకగది నేలంత. చూడ్డానికి మాత్రం ఒక ఫరాటా అంత వెడల్పు, రెండు వేళ్ళ మందం.

ఆ గోడ దాటి బిడ్డకి ప్రాణవాయువు వెళ్తుంది. చక్కెర వెళ్తుంది. ఇనుము, కాల్షియం వెళ్తాయి. మాంసకృత్తులు ముక్కలుగా విడిపోయి వెళ్తాయి, వాటిని మావి ఊరికే వదలదు, పనిగట్టుకుని మోసుకుపోతుంది. తల్లికి ఉన్న రోగనిరోధక శక్తిలో కొంత చివరి నెలల్లో దాటుతుంది. అందుకే పుట్టిన బిడ్డకి మొదటి నెలల్లో కొన్ని జబ్బుల నుంచి రక్షణ ఉంటుంది. బిడ్డ వదిలే మలినాలు తిరిగి తల్లి రక్తంలోకి వస్తాయి. ఊపిరితిత్తులు, పేగులు, మూత్రపిండాలు, ఇన్నిటి పనీ ఈ ఒక్కటే చేస్తుంది. పొగాకులోని నికోటిన్, మద్యం కూడా దాటుతాయి. ఆ గోడ వాటిని ఆపలేదు.

మా అమ్మాయి విషయంలో అసలు కథ జరిగింది మరో చోట. గర్భసంచిలో తల్లి రక్తనాళాలు సన్నగా, మెలికలు తిరిగి ఉంటాయి. మావి కణాలు ఆ నాళాల్లోకి వెళ్ళి వాటి గోడల్ని మార్చి వెడల్పు చేస్తాయి. పొలంలో పిల్లకాలువని తవ్వి పెద్ద కాలువ చేసినట్టు. అప్పుడు రక్తం నెమ్మదిగా, నిండుగా పారుతుంది. నెలలు నిండే సరికి నిమిషానికి అర లీటరుకి పైగా తల్లి రక్తం మావి దగ్గరికి వస్తుంది. ఈ కాలువ పని చాలావరకు అయిదో నెల లోపే జరిగిపోతుంది. కొందరిలో అది సగంలోనే ఆగిపోతుంది. ఎందుకో అన్నిసార్లూ చెప్పలేరు. అలా ఆగిపోతే నీరు చాలని పొలంలా మావి పూర్తిగా ఎదగదు. చివరి నెలల్లో బిడ్డకి కావలసినంత అందదు. తల్లికి రక్తపోటు పెరగవచ్చు.

కాబట్టి ఏడో నెలలో ఏం తిన్నావని అడగడంలో అర్థం లేదు. కాలువ చిన్నదైతే గట్టు మీద ఎంత నీరు ఉన్నా పొలానికి చేరేది కొంచెమే.

తక్కువ వచ్చినప్పుడు కడుపులో బిడ్డ పొదుపు చేస్తుంది. నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. రక్తాన్ని ముందు మెదడుకీ గుండెకీ పంపుతుంది. కాలేయానికి, మూత్రపిండాలకి, కాళ్ళూ చేతులకి, కొవ్వుకి తగ్గిస్తుంది. మా పాప తల చుట్టుకొలత మామూలుగానే ఉంది. పొట్ట, తొడలు మాత్రం సన్నం. తల పెద్దదిగా కనిపిస్తోందని ఒకరిద్దరు గుసగుసలాడారు. తల పెద్దది కాదు, తల కోసం మిగతా ఒళ్ళు త్యాగం చేసింది.

ఆ పొదుపుకి వెల ఉంది. ఉదాహరణకి మూత్రపిండంలో వడపోత గొట్టాలు ఉంటాయి. అవి పుట్టకముందే తయారవుతాయి. పుట్టిన తర్వాత కొత్తవి రావు. చిన్నగా పుట్టినవారిలో అవి తక్కువగా ఉంటాయి. ఆ తక్కువతోనే జీవితమంతా నెట్టుకురావాలి.

చేటలో పట్టిన బిడ్డ

నేను 1962లో ఒక చెరకు ఎస్టేటు క్యాంపులో పుట్టాను. నన్ను ఎవరూ తూచలేదు. చేటలో పడుకోబెడితే ఇంకా సగం చేట ఖాళీగా ఉండేదట. ఇదే నా జనన బరువు రికార్డు. నాకు 48 ఏళ్ళకి చక్కెర వ్యాధి వచ్చింది. మా అన్నయ్యకి ఇంకా ముందే వచ్చింది. మారిషస్‌లో పెద్దవాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో మందుల డబ్బా లేని ఇల్లు ఉందా?

నేను పుట్టినప్పుడు మంత్రసాని మావిని పళ్ళెంలో పెట్టి, నీళ్ళు పోసి కడిగి, తిరగేసి చూసిందని మా అమ్మ చెబుతుంది. ముక్క ఏదైనా లోపల ఉండిపోతే తల్లికి రక్తం ఆగదు. ఆ భయంతో చూసేవారు. ఇప్పటి ఆసుపత్రుల్లోనూ అందుకే చూస్తారు. చూసిన తర్వాత ఇంటి వెనక గుంట తీసి పాతారు. కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టారు. క్యాంపులో ఎన్నో కాన్పులు చూసిన ఆడవాళ్ళకి మావి చిన్నదైతే బిడ్డ చిన్నదని తెలుసు. వాళ్ళు తూచలేదు, చేతుల్లోకి తీసుకుని చూశారు. మా అమ్మ ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది.

అంతకు ముందు తరం సంగతి ఇంకా వేరు. మా అమ్మని మోసినప్పుడు మా అమ్మమ్మకి చలిజ్వరం ఉండేది. అంటే మలేరియా. 1860ల చివర్లో మలేరియా ఈ ద్వీపంలో వేలమందిని చంపింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఎస్టేటుల్లోనే కాపురం పెట్టింది. 1973లో గానీ మారిషస్‌ని మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించలేదు. మలేరియాలో అత్యంత ప్రమాదకరమైన రకం గర్భిణికి వస్తే, ఆ క్రిములు పట్టిన రక్తకణాలు ప్రత్యేకంగా మావిలో అతుక్కుని పేరుకుంటాయి. దారి మూసుకుపోతుంది. బిడ్డ చిన్నగా పుడుతుంది. తొలికాన్పులో ఇది మరీ ఎక్కువ. దానికి తోడు రక్తహీనత, కడుపులో పురుగులు, పొద్దున్నించి సాయంత్రం దాకా చెరకు పని. కోరింగ రేవులో ఓడ ఎక్కిన మన పెద్దల గురించి మాట్లాడేటప్పుడు కూలి ఒప్పందాలు, తేదీలు చెబుతాం. కడుపులో బిడ్డలతో పొలంలో ఉన్న ఆడవాళ్ళ మావిల గురించి ఏ కాగితమూ లేదు.

ఇంకో విషయం. ఆడపిల్ల పుట్టేసరికే ఆమె జీవితానికి సరిపడా అండాలు ఆమెలో తయారై ఉంటాయి. నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే మా అమ్మాయి కాబోయే అండం నాలో ఉంది. మా అమ్మ ఆ రోజుల్లో మమ్మల్ని ఇద్దర్నీ మోసినట్టే. తల్లి పుట్టినప్పుడు ఎంత ఉందన్నదానికీ ఆమె బిడ్డ ఎంత పుడుతుందన్నదానికీ సంబంధం ఉందని చాలా దేశాల్లో చూశారు. మరి "ఏం తిన్నావమ్మా" అని అడగాలంటే ఎవర్ని అడగాలి? మా అమ్మమ్మనా?

తూచి రాసి పెట్టినవాళ్ళు

చిన్నగా పుట్టడానికీ పెద్దయ్యాక వచ్చే జబ్బులకీ సంబంధం ఉందని గట్టిగా వాదించినవాడు డేవిడ్ బార్కర్ అనే ఇంగ్లండ్ డాక్టరు. ఆయనకి కలిసొచ్చింది పాత కాగితాలు. ప్రెస్టన్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి 1935 నుంచి 1943 దాకా పుట్టిన పిల్లల బరువుతో పాటు మావి బరువు కూడా రాసి ఉంచింది. వాళ్ళలో 449 మందిని యాభై ఏళ్ళ వయసులో వెతికి పట్టుకుని రక్తపోటు చూశారు. ఆ ఫలితం 1990లో వచ్చింది. పెద్ద మావి ఉండి కూడా చిన్నగా పుట్టినవాళ్ళలో రక్తపోటు అన్నిటికంటే ఎక్కువ ఉంది. అంటే మావి చిన్నదైతేనే ఇబ్బంది అనుకోకూడదు. తక్కువ అందుతున్నప్పుడు కొన్నిసార్లు మావి తానే పెద్దదై ఎలాగో సర్దుకోవాలని చూస్తుంది. ఆ ప్రయత్నం కూడా బిడ్డ ఒంట్లో గుర్తు వదులుతుంది.

ఇంగ్లండ్ పిల్లల లెక్క మనకి పూర్తిగా సరిపోదు. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్నీ, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లల్నీ పక్కపక్కన పెట్టి కొలిచారు. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు. అక్కడి పిల్లలది 3.5 కిలోలు. ఇక్కడిదాకా ఆశ్చర్యం లేదు. కానీ పుణె పిల్లలకి కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పైకి సన్నం, లోపల కొవ్వు. ఆ పరిశోధన చేసిన చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం అలాంటి బిడ్డని సన్నగా ఉన్న లావుబిడ్డ అన్నట్టు వర్ణించింది. నన్ను చూసినవాళ్ళు మీరు సన్నగా ఉన్నారు కదా, మీకు చక్కెర వ్యాధి ఏమిటి అంటారు. ఇదే జవాబు కావచ్చు. పూర్తి జవాబు కాదు. వంశం ఉంది, తిండి ఉంది, కదలకుండా కూర్చునే ఉద్యోగం ఉంది. నేను తాగిన తీపి దితేలు కూడా లెక్కలోకి వస్తాయి.

మన భాష మాట్లాడే చోట జరిగిన ఒక పరిశోధన నాకు అన్నిటికంటే నచ్చింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో జరిగింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకి, ఆరేళ్ళ లోపు పిల్లలకి అంగన్‌వాడీలో రోజూ అదనంగా తిండి పెట్టారు. మరికొన్ని పల్లెల్లో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ తిండి ఏమిటో తెలుసా? మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా. ఆ ఊళ్ళలో పుట్టిన పిల్లల బరువు సగటున 61 గ్రాములు పెరిగింది. అంతేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. నెలల తరబడి తిన్న ఉప్మాకి 61 గ్రాములు. తల్లి నోట్లో పెట్టిందంతా బిడ్డ ఒంటికి పట్టదని, మధ్యలో మావి ఉందని ఈ అంకె చెబుతోంది. కానీ కథ అక్కడ ఆగలేదు. ఆ పిల్లలకి 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక, 2003 నుంచి 2005 మధ్య మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉన్నారు. లావు కాలేదు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. తల్లికి తిండి పెట్టడం వృథా కాదు. ఫలితం తక్కెడలో ఆ రోజే కనిపించాలనుకోవడమే మన తొందర.

బిస్కెట్ల గొడవ

పాపని ఇంటికి తెచ్చాక మా ఇంట్లో అసలు యుద్ధం మొదలైంది. చిన్నగా పుట్టింది కాబట్టి త్వరగా లావు చెయ్యాలని అందరి తాపత్రయం. ఒకరు పంచదార నీళ్ళన్నారు. ఒకరు డబ్బా పాలు కలపమన్నారు. మా అమ్మాయికేమో అప్పటికే నేరం చేసిన భావన ఉంది, ఎవరేం చెప్పినా వింటోంది. పిల్లల డాక్టరు మాత్రం ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు, నీళ్ళు కూడా వద్దు, మొదట్లో వారం వారం తూకానికి తీసుకురండి అంది. పాప గట్టిగా చప్పరించి తాగుతోంది, రోజుకి సరిపడా తడుపుతోంది, బరువు పెరుగుతోంది. డాక్టరుకి అది చాలింది. మాకు చాలలేదు.

ఆరు నెలలకి 6 కిలోల 400 గ్రాములు. ఏడాదికి 8 కిలోల 200. కార్డు మీద వంపు గీతలు ఉంటాయి కదా, అన్నిటికంటే కింది గీత దగ్గర మొదలైన పాప చుక్కలు మెల్లగా పైగీతల వైపు వచ్చాయి. ఎదుగుదల కార్డు చూడటం వచ్చిన తర్వాత నా భయం సగం తగ్గింది. ఒక్క చుక్క చూసి ఏమీ చెప్పలేం. చుక్కల్ని కలిపిన గీత చూడాలి. మావి తక్కువ ఇచ్చినందువల్ల చిన్నగా పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది మొదటి రెండేళ్ళలో అందుకుంటారు. బయటికి రాగానే ఆ సన్నని కాలువ తెగిపోయింది. ఇప్పుడు పాలు నేరుగా అందుతున్నాయి. రెండేళ్ళు దాటినా పొడవులో అందుకోకపోతే డాక్టరుకి చూపించాలి.

చిక్కు రెండేళ్ళ తర్వాత వచ్చింది. నడక వచ్చి, పరుగులు వచ్చి, పాప బుగ్గలు తగ్గాయి. "చిక్కిపోయింది" అని మొదలుపెట్టాం. మేము అంటే నేనూ, వదినగారూ, తప్పు ఇద్దరిదీ. బిస్కెట్లు, తీపి పాలు, ఒక ముద్ద ఎక్కువ, ఇంకో ముద్ద. డాక్టరు అప్పుడు చెప్పిన మాట రాస్తున్నాను, దయచేసి తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ చదవండి. ఏడాది దాటిన తర్వాత పిల్లలు సహజంగా సన్నబడతారు. అయిదారేళ్ళ దాకా అలాగే ఉంటారు. ఆ తర్వాత మళ్ళీ ఒళ్ళు చేయడం మొదలవుతుంది. నాలుగేళ్ళ పిల్ల పక్కటెముకలు కొంచెం కనిపిస్తే అది రోగం కాదు.

ఢిల్లీలో 1969 నుంచి 1972 దాకా పుట్టిన పిల్లల్ని చిన్నప్పటి నుంచీ పదేపదే కొలిచారు. వాళ్ళలో 1,492 మందికి 26 నుంచి 32 ఏళ్ళ వయసులో చక్కెర పరీక్ష చేశారు. అప్పటికే రక్తంలో చక్కెర ఎక్కువ ఉన్నవాళ్ళు ఎవరు? చిన్నప్పుడు లావుగా ఉన్నవాళ్ళా? కాదు. రెండేళ్ళ దాకా సన్నగా ఉండి, ఆ సన్నని దశని త్వరగా ముగించి, తోటివాళ్ళకంటే ముందే ఒళ్ళు చేయడం మొదలుపెట్టినవాళ్ళు. వాళ్ళలో చాలామంది మన లెక్కలో లావు కూడా కాదు. తమ లెక్కలో తాము పెరిగారు, అంతే. 2004లో ఈ సంగతి బయటికి వచ్చింది. మా పాపకి మేము చెయ్యబోయింది సరిగ్గా అదే.

బిస్కెట్ డబ్బా ఇప్పుడు అల్మరా పైన ఉంది. వదినగారు వచ్చినప్పుడు అరటిపండు తెస్తుంది. ఒక్కోసారి చీర కొంగులో బిస్కెట్ కూడా ఉంటుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను.

ఒక హెచ్చరిక రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. చిన్న బిడ్డ గురించే ఇంతసేపూ రాశాను. మన ఇళ్ళల్లో పెద్ద బిడ్డ సంగతీ అంతే ముఖ్యం. తల్లికి చక్కెర ఎక్కువగా ఉంటే ఆ చక్కెర మావి దాటుతుంది. తల్లి ఇన్సులిన్ దాటదు. బిడ్డ తన సొంత ఇన్సులిన్ ఎక్కువ చేసుకుని, వచ్చిన చక్కెరనంతా కొవ్వుగా దాచుకుంటుంది. నాలుగున్నర కిలోల బిడ్డ పుడితే మిఠాయి పంచుతాం. అప్పుడు పంచాల్సిన మిఠాయి కాదది, తల్లికి చేయించాల్సిన చక్కెర పరీక్ష. గర్భంలో చక్కెర పెరగడానికి మావి నుంచి వచ్చే హార్మోన్లు కూడా కారణమే. ఇందులోనూ తల్లి దోషం వెతకకండి.

గర్భిణి అయిన వాళ్ళు తొందరగా వెళ్ళి పేరు రాయించుకోండి. రక్తపోటు ప్రతిసారీ చూపించుకోండి. ఇదివరకు చిన్న బిడ్డ పుట్టినా, రక్తపోటు వచ్చినా మొదటి రోజే డాక్టరుకి చెప్పండి, ఎందుకంటే కాలువ పని మొదట్లోనే జరుగుతుంది. చివరి నెలల్లో బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కాన్పు అయ్యాక మావి బరువు ఎంతో అడిగి బిడ్డ కార్డు మీద రాసి పెట్టుకోండి.

మా అమ్మాయికి ఇప్పుడు మళ్ళీ అయిదో నెల. మొదటి కాన్పు సంగతి చెప్పగానే డాక్టరు 12వ వారం నుంచి రాత్రిపూట చిన్న ఆస్పిరిన్ మాత్ర ఇచ్చింది. ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్ళకి అది మావి వల్ల వచ్చే ఇబ్బందిని కొంత తగ్గిస్తుందట. ఎవరికి వారు కొనుక్కుని వేసుకునేది కాదు. పోయిన వారం స్కాన్ తీశారు. మా అమ్మ ఇప్పుడు 87 ఏళ్ళ మనిషి, చెవులు సరిగ్గా వినబడవు, అందుకని గట్టిగా అరిచి చెబుతున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. వదినగారు. ఆడా మగా అని అడుగుతుందనుకున్నాను.

"మావి ఎలా ఉందట?" అంది.